సయ్యద్ అబ్దుల్ రహీముగారు: బంతియాటకు గురువైన బడిపంతులు

వైనతేయ గోదావరి యొడ్డుననున్న మన అప్పనపల్లి ప్రాంతమున బాలురు బంతియాట యాడుచుండగా చూడనివారుండరు. కొబ్బరితోటలును, వరిచేలును, కాలువగట్లును నేలనంతను ఆక్రమించియుండుటచే ఆటకు చాలినంత సమతలము దొరకుట అరుదు. కావున సార్వా కోతలైన పిమ్మట, దాళ్వా దమ్ములు మొదలగులోపల, మోళ్లు మిగిలిన చేనిలో రెండు ప్రక్కలను కొబ్బరిమట్టలు పాతి గోలులు నిలుపుదురు. చేనికి నీరు పెట్టి దమ్ము చేసినంతనే ఆ మైదానము మాయమగును. నిన్న గోలు కొట్టిన చోట నేడు నారు నాటియుండును. ఆటస్థలము పోయినంతమాత్రమున ఆటయు పోవునా? ఆటను నిలుపునది నేలయా, నేర్పువాడా? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పగల యొక జీవితమును మన విద్యార్థుల కెరుకపరుపదలచితిమి. హైదరాబాదు నగరమున పాఠశాలోపాధ్యాయులై, భారతదేశపు ఫుట్‌బాలు ఆటకు ఆచార్యులైన సయ్యద్ అబ్దుల్ రహీముగారి జీవితమే యది.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఆ కాలమున ఆ నగరము నిజాము ప్రభువుల రాజధాని. దాని ప్రక్కనే సికిందరాబాదు, తిరుమలగిరి, బొల్లారము దండు ప్రదేశములలో ఆంగ్లేయ సైనికులు నివసించుచుండిరి. ఆ సైనికులు ఆడు ఫుట్‌బాలు ఆటను నగరపు బాలురు దూరముగా నిలిచి చూచి, పిమ్మట తమ పేటలయందలి ఖాళీస్థలములలో తామును ఆడుకొనుచుండిరి. సైనికులకు దృఢమైన బూట్లు గలవు. ఈ బాలురకు ఉత్తపాదములే. సైనికులు బలిష్ఠులు, పొడవరులు; ఈ బాలురు బక్కపలుచనివారు. ఈ భేదమును చిన్ననాటనే గమనించి, దానికి తగిన ఉపాయమును జీవితాంతము వెదకినవారు రహీముగారు.

1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున వారు ఉన్నతవిద్య నభ్యసించిరి. దేశభాషయైన ఉర్దూలో ఉన్నతవిద్య గరపుట ఆ విశ్వవిద్యాలయపు విశేషము. అచ్చట చదువుచునే వారు విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు జట్టులో ఆడి పేరుపొందిరి. పట్టము పుచ్చుకొనిన పిమ్మట ఉపాధ్యాయ వృత్తి నవలంబించి, కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, దారుల్‌ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పనిచేసిరి. వ్యాయామవిద్యలో ప్రత్యేక శిక్షణ పొంది, పాఠశాలలయందలి ఆటల భారమును వహించిరి. పాఠము చెప్పు ఉపాధ్యాయునికి దొరకు గౌరవము ఆటలు నేర్పు ఉపాధ్యాయునికి దొరకని దినములవి. డ్రిల్లు గంట యనిన విశ్రాంతి గంటయని పెక్కుమంది తలంచుచుండిరి. రహీముగారు మాత్రము గణితము బోధించువాడు లెక్కనెంత క్రమముగా విప్పిచెప్పునో అంత క్రమముగా బంతియాటను విప్పిచెప్పిరి.

1940 తరువాతి సంవత్సరములలో వారు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులైరి. మరణపర్యంతము ఆ పదవియందే యుండిరి. కార్యదర్శి యనిన చందాలు వసూలుచేసి లెక్కలు వ్రాయుటతో తృప్తిపడువారు కలరు. రహీముగారట్లుగాక, ఆటయొక్క లోపములనెన్ని, ఒక్కొక్క లోపమునకు ఒక్కొక్క పోటీని మందుగా నేర్పరచిరి. ఆ పద్ధతులు మన బాలురు నేడును ఆచరింపదగినవి గనుక కొంచెము వివరింతుము.

మొదటిది. చాలమంది ఆటగాండ్రకు బంతి చిక్కిన చాలును, దానిని తమ కాళ్లయొద్దనే త్రిప్పుకొనుచు ఒక్కరే గోలువరకు పోవలెనని ఆశ. దీనిని డ్రిబ్లింగు అందురు. చూచువారికి ఇంపుగానుండును గాని, ఎదుటివాడు బలవంతుడైనచో బంతి పోవును, కాలికి దెబ్బయు తగులును. రహీముగారు డ్రిబ్లింగు పనికిరాదను నియమముతోడనే పోటీలు పెట్టిరి. బంతి అందినవెంటనే తోడివానికి అందింపవలెను. ఆ పోటీలలో ఆడినవానికి తలయెత్తి చుట్టును చూచుట అలవాటయ్యెను. తోడివాడెచ్చట నున్నాడో బంతి రాకముందే తెలిసికొనవలసివచ్చెను. తాను పరుగెత్తుటకన్న బంతిని పరుగెత్తించుట మేలని బాలురు గ్రహించిరి.

రెండవది. మనలో పెక్కుమందికి కుడికాలు వాటము; ఎడమకాలు ఊరకే నిలుచుటకు మాత్రమే. ఎదుటిజట్టువాడు ఈ సంగతి కనిపెట్టెనా, కుడిప్రక్కనే కాచుకొనియుండును. కావున వాటములేని కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో మఱియొక విధమైన పోటీని నడపిరి. మొదట అందరును తడబడి నవ్వులపాలైరట. కొన్ని వారములు గడచునప్పటికి ఆ నవ్వులు మాని, రెండు కాళ్లును ఒకటే యనునట్లు ఆడుటకు అలవడిరి.

ఈ విధమైన శిక్షణకు పెద్ద మైదానముతో పనిలేదు. చిన్న స్థలములో, కొద్దిమంది ఆటగాండ్రతో, ఒక్క బంతితో జరుపవచ్చును. వట్టికాళ్లతో నాడు బీదబాలుర కొఱకే యీ పద్ధతులు పుట్టినవని చెప్పినను తప్పుగాదు. పొడవైన బంతులు ఆకాశమున కెగురగొట్టి, వాటివెంట పరుగెత్తి, బలముతో గెలుచుట సైనికుల ఆట. నేలమీదనే చిన్నచిన్న అందింపులతో బంతిని జరుపుకొనుచు, బుద్ధితో గెలుచుట రహీముగారు నేర్పిన ఆట.

ఈ శిక్షణకు గొప్ప పరీక్ష హైదరాబాదు నగర పోలీసు జట్టుతో ప్రారంభమయ్యెను. 1950లో రహీముగారు ఆ జట్టు శిక్షణభారమును వహించిరి. గోషామహలు మైదానము ఆ కాలమున పోలీసు శాఖవారిది. వారి కవాతులకును ఆటలకును అది నెలవై యుండెను. గోలకొండ సుల్తానుల కాలమున అంతఃపుర స్త్రీల కొఱకు కట్టబడిన మహలు పేరు ఆ పేటకు నిలిచినది. పరదాచాటున రాణులు విహరించిన స్థలము తరువాతి శతాబ్దములలో పోలీసుల కవాతునేలగా మారుట చరిత్ర వైచిత్ర్యము. బొంబాయిలో కూపరేజి మైదానమున ఆ కాలమున జరుగుచుండిన రోవర్స్ కప్పు పోటీ దేశమునందలి ప్రాచీనమైన పోటీలలో నొకటి. రహీముగారి జట్టు ఆ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు గెలిచెను. ఆ కాలమున ఢిల్లీలో జరుగుచుండిన డ్యూరండు కప్పును 1950, 1954, 1957, 1961 సంవత్సరములలో చేజిక్కించుకొనెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమేర్పడిన కొన్నాళ్లకు ఆ జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారినది. పేరు మారినను ఆటతీరు మారలేదు. కలకత్తా మహానగరపు గొప్ప జట్లు సయితము హైదరాబాదు పోలీసులతో పోటీ యనిన జాగ్రత్తపడుచుండెడివి.

పోలీసు జట్టు విజయములను చూచి, భారతదేశపు జట్టునకు శిక్షకులుగా రహీముగారిని నియమించిరి. 1951 మార్చి నెలలో ఢిల్లీ నగరమున మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినవి. స్వాతంత్ర్యము వచ్చి నాలుగు సంవత్సరములైనను నిండలేదు. అంత్యపోటీలో ఇరాను జట్టును ఒక్క గోలుతో ఓడించి మనవారు స్వర్ణపతకము పొందిరి. ఆ గోలు కొట్టినవాడు సాహూ మేవాలాల్. దేశమంతట ఆనందము పొంగిపొరలెను.

అయితే, విద్యార్థులారా, మహనీయుల జీవితములలో విజయములను మాత్రమే చెప్పి అపజయములను దాచుట సరికాదు. మఱుసటి సంవత్సరమే, 1952లో, ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. చలిదేశము, మన ఆటగాండ్రలో పెక్కుమంది వట్టికాళ్లతోడనే మైదానమునకు దిగిరి. ఎదుటిజట్టు యుగోస్లావియా. ఆ పోటీలో మనకు ఒక్క గోలు, వారికి పది గోలులు. అంతటి ఘోరపరాజయమును శిక్షకుడెవడైనను మఱచిపోవుటకే యత్నించును. రహీముగారు అట్లు చేయలేదు. ఓటమిని పాఠ్యపుస్తకమువలె ముందుంచుకొని చదివిరి. వట్టికాళ్లు మన గర్వకారణమని కొందరు వాదించుచుండగా, తడినేలమీదను చలిలోను అది చెల్లదని తేలిపోయెను. ఆ పరాజయము పిమ్మట భారతదేశమున బూట్లు ధరించుట నియమమయ్యెను. ఆ ఒలింపిక్ పోటీలలోనే స్వర్ణపతకము పొందిన హంగేరీ జట్టువారి ఆటను వారు శ్రద్ధతో పరిశీలించిరి. ముందువరుస నడుమనుండవలసిన ఆటగాడు వెనుకకు జరిగి, బంతిని అందుకొని, తోడివారికి పంచుట ఆ జట్టుయొక్క రహస్యము. రహీముగారు ఆ రహస్యమును మన ఆటగాండ్రకు అనుకూలముగా మార్చి నేర్పిరి.

నాలుగు సంవత్సరములకు ఫలము కనబడెను. 1956లో ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్ను నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు మన జట్టు సమర్ బెనర్జీ నాయకత్వమున పయనమయ్యెను. జట్టులో హైదరాబాదు ఆటగాండ్రు పలువురుండిరి. హంగేరీ జట్టు రాకపోవుటచే మొదటి పోటీ ఆడకయే మనవారు ముందునకు సాగిరి. తరువాతి పోటీ ఆస్ట్రేలియాతో, వారి సొంతగడ్డమీద. బొంబాయి యువకుడు నెవిల్ డిసౌజా ఆ యొక్క పోటీలోనే మూడు గోలులు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియావాడొకడు ఒకే పోటీలో మూడు గోలులు కొట్టుట అదియే ప్రథమము. రెంటికి నాలుగు గోలులతో మనవారు గెలిచి, ఉపాంత్యదశకు చేరిన మొదటి ఆసియా జట్టువారైరి. అచ్చట మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. ఈ సారియు మనకు ఓటమియే. కాని మొదటి గోలు మనవారిదే! తుదకు ఒకటికి నాలుగు గోలులతో ఓడిరి. హెల్సింకీలో పది గోలులు తిన్న జట్టునకును ఈ జట్టునకును గల అంతరమును లోకము గ్రహించెను. మూడవస్థానమునకై బల్గేరియాతో జరిగిన పోటీలోను ఓడి, మనవారు నాలుగవస్థానముతో తిరిగివచ్చిరి. ఒలింపిక్ ఫుట్‌బాలులో భారతదేశము పొందిన అత్యున్నత స్థానము నేటికిని అదియే.

1960లో రోము నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకును రహీముగారే శిక్షకులు. అచ్చట మన జట్టు హంగేరీతో ఒకటికి రెండు గోలుల తేడాతో ఓడెను. ఫ్రాన్సు జట్టుతో ఒక్కొక్క గోలుతో సమముగా నిలిచెను. పెరూ జట్టుతో ఒకటికి మూడు గోలులతో ఓడి వెనుదిరిగెను. ఆ జట్టులో రహీముగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీముగారును ఒకరు. తండ్రి శిక్షకుడైనంత మాత్రమున కుమారునికి ఆడు అవకాశము దొరకలేదు. రోములో వారొక్క పోటీయందును మైదానమున దిగలేదు. ఈ చిన్న సంగతియందు తండ్రి న్యాయబుద్ధి యెంతటిదో కనబడుచున్నది.

ఇక 1962. ఇండోనేషియా రాజధాని జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు. అప్పటికే రహీముగారి శరీరమును క్యాన్సరు వ్యాధి క్షీణింపజేయుచుండెను. అయినను వారు చూనీ గోస్వామి నాయకత్వమునగల జట్టు వెంట జకార్తాకు వెళ్లిరి. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా రెండు గోలులతో మనలను ఓడించెను. రెండవ పోటీలో థాయిలాండును నాలుగు గోలులతో గెలిచిరి గాని, రక్షణవరుసకు స్తంభమువంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అతడు లేకయే జపానును రెండు గోలులతో గెలిచిరి.

ఉపాంత్యపోటీకి రహీముగారొక సాహసమైన యోచన చేసిరి. తలకు గాయమైన రక్షకుని రక్షణవరుసలో నిలుపుట ప్రమాదము; మానివేయుదమన్న నష్టము. కావున అతనిని ముందువరుసకు మార్చి గోలులు కొట్టుటకు నియోగించిరి. దక్షిణ వియత్నామును మూడు గోలులతో ఓడించిన ఆ పోటీలో జర్నైల్ సింగు గోలు కొట్టి గురువు నమ్మకమును నిలిపెను.

అంత్యపోటీ సెప్టెంబరు 4వ తేదీన, మరల దక్షిణ కొరియాతోడనే. ఆ దినములలో జకార్తా నగరమున మనవారిపై ఆగ్రహము ప్రబలియుండెను. ఇజ్రాయేలు, తైవాను దేశముల ఆటగాండ్రను రానీయకుండుట క్రీడానియమములకు విరుద్ధమని భారతీయ క్రీడాధికారి యొకరు ఆక్షేపించుటయే అందులకు కారణము. ముందటి దినమున భారత రాయబార కార్యాలయముపై దాడియు జరిగినది. దాదాపు లక్షమంది ప్రేక్షకులలో అత్యధికులు మనవారిని చూచినంతనే కేకలువైచి ఎగతాళి చేసిరి. అట్టి ధ్వనినడుమ మన ఆటగాండ్రు చిన్నచిన్న అందింపులతో, నేలమీదనే, తాము నేర్చిన ఆటనే యాడిరి. పదునేడవ నిమిషమున ప్రదీప్ కుమార్ బెనర్జీయు, ఇరువదవ నిమిషమున జర్నైల్ సింగును గోలులు కొట్టిరి. హైదరాబాదు ప్రాంతమువారైన తులసీదాస్ బలరాముగారును, యూసుఫ్ ఖానుగారును ఆ జట్టునందుండిరి. చివరి నిమిషములలో కొరియావారు ఒక గోలు కొట్టినను, గెలుపు మనదే యయ్యెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలునకు మనకు లభించిన రెండవ స్వర్ణపతకమది. నేటివరకు కడపటిదియు నదియే.

స్వదేశమునకు తిరిగివచ్చిన రహీముగారు ఆ విజయమును ఎక్కువకాలము అనుభవింపలేదు. వ్యాధి ముదిరి, 1963 జూన్ నెలలో హైదరాబాదున పరమపదించిరి. వారి వయస్సు అప్పటికి ఏబదినాలుగు సంవత్సరములైనను నిండలేదు. కుమారులు హకీముగారు తరువాతి కాలమున అంతర్జాతీయ రిఫరీగాను, శిక్షకులుగాను దేశమునకు సేవచేసి 2021 ఆగష్టులో మరణించిరి. 2024లో రహీముగారి జీవితమును గూర్చి మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడగా, వారి పేరు క్రొత్తతరమువారికిని తెలియవచ్చెను.

ఇప్పుడు మొదట వేసికొన్న ప్రశ్నకు వత్తము. రహీముగారి కాలపు మైదానము లేమైనవి? హైదరాబాదు నడిబొడ్డున ఫతేమైదానము కలదు. 1687లో గోలకొండ కోటను ముట్టడించిన ఔరంగజేబు సైన్యము అచ్చట విడిసి, విజయము పొందుటచే దానికా పేరు వచ్చినదందురు. నిజాముల కాలమున అచ్చట పోలో ఆడిరి. 1955 నవంబరులో న్యూజిలాండు జట్టుతో క్రికెట్టు టెస్టు పోటీ జరిగినది. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. తరువాతి కాలమున అది క్రికెట్టునకును, సభలకును ప్రసిద్ధమయ్యెను. మఱి గోషామహలు మైదానముననో, 2025 జనవరి 31వ తేదీన క్రొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. రోగులకు నీడనిచ్చు ఆసుపత్రిని వద్దనువాడు ఎవడు? అయినను పెద్దనగరమున ఒక ఆటనేల తగ్గిన మఱియొకటి దొరకుట దుర్లభమని నగరవాసులు కొందరు ఆందోళనపడుట కూడ సహజమే.

మఱియొక మైదానము సంగతి మన కోనసీమవారికి ప్రత్యేకముగా చెప్పదగినది. హైదరాబాదు శివారున గచ్చిబౌలియందు 2002 నాటి జాతీయ క్రీడలకై నిర్మింపబడిన క్రీడాప్రాంగణమునకు మన కోనసీమలోని యెదుర్లంక గ్రామమున జన్మించి, లోక్‌సభకు స్పీకరై, 2002 మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున అకాలమరణము పొందిన జి. ఎం. సి. బాలయోగిగారి పేరు పెట్టిరి. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు ఆ మైదానమును తన సొంతనేలగా చేసికొనెను. 2022 మార్చిలో గోవాలో జరిగిన అంత్యపోటీలో గెలిచి దేశమునందలి గొప్ప కప్పును తెచ్చెను. రహీముగారి నగరమునకు పూర్వవైభవము మరల వచ్చినదని అభిమానులు సంతసించిరి. ఆ సంతోషము ఎక్కువకాలము నిలువలేదు. ధనపు చిక్కులలో పడి, యాజమాన్యము చేతులు మారి, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరును మార్చుకొనెను. బాలయోగిగారి పేరుగల మైదానము చెక్కుచెదరక యున్నది; అచ్చట ఆడుటకు ఆ జట్టు మాత్రము లేదు.

విద్యార్థులారా, ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. గచ్చిబౌలిలో చక్కని గడ్డినేలయు, దీపస్తంభములును, వేలమంది కూర్చుండుటకు మెట్లును గలవు. రహీముగారి బాలురకు అవి లేవు. అయినను ఆ బాలురనుండియే ఒలింపిక్ ఆటగాండ్రు పుట్టిరి. నేల ముఖ్యము కాదని దీని యర్థము కాదు. ఆడుటకు జాగా లేకున్న బాలురు వీథుల పాలగుదురు. ఉన్న జాగాను కాపాడుట పెద్దల విధి. కాని నేలకు ప్రాణము పోయువాడు దినదినము సాయంకాలమున దానిమీద నిలిచి, ఒక్కొక్క బాలుని లోపమును కనిపెట్టి, ఓపికతో సరిదిద్దు గురువు. రహీముగారు పోయిన పిమ్మట మన దేశము ఫుట్‌బాలులో ఒలింపిక్ క్రీడలకు ఒక్కసారియైన అర్హత పొందకపోవుట చూడగా, మైదానములు పోవుటకన్న అట్టి గురువు స్థానము భర్తీగాకపోవుటయే గొప్పలోటని తోచుచున్నది.

కావున వచ్చు ఏడు దాళ్వా దమ్ములకు ముందు మన చేలలో కొబ్బరిమట్టలు పాతునప్పుడు రహీముగారి పద్ధతిని ఒక్కమారు పరీక్షించి చూడుడు. ఒకనాడు డ్రిబ్లింగు మాని ఆడుడు. మఱియొకనాడు ఎడమకాలితో మాత్రమే ఆడుడు. తడబడినవానిని చూచి నవ్వకుడు. మఱుదినము తడబడు వంతు మీదియే కావచ్చును. పెద్దవారైన పిమ్మట మీలో కొందరైన ఉపాధ్యాయులై, చిన్నవారికి బంతియాట నేర్పినచో, చేను దున్నబడి మైదానము మాయమైనను, ఆట మన యూరిలో నిలుచును.